పాతపట్నం దగ్గర కారు గుద్దింది, ఇల్లు పర్లాకిమిడిలో: తమ్ముడి పరిహారం కేసు ఎక్కడ వేయాలి? రాజీ కాగితం మీద సంతకం పెట్టవచ్చా?

మహేంద్రతనయ_ఒడ్డు
మా తమ్ముడికి 34 ఏళ్లు. పర్లాకిమిడిలో సొంత దర్జీ దుకాణం నడుపుతున్నాడు. పోయిన నెల బైకు మీద పాతపట్నం దాటి టెక్కలి వైపు వెళ్తుండగా వెనక నుంచి వచ్చిన కారు గుద్దేసింది. కుడికాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. పాతపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కట్టు కట్టి పంపిస్తే, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్డు వేశారు. ఎఫ్‌ఐఆర్ ఆంధ్రా వైపు స్టేషనులో తెలుగులో నమోదైంది.

కారు యజమాని నిన్న ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. 60,000 రూపాయలు ఇస్తానని, రాజీ కాగితం మీద సంతకం పెట్టమని అడిగాడు. ఆ కాగితం పైసగం రాసి ఉంది, కిందిసగం ఖాళీగా ఉంది. బీమా కంపెనీ తరఫున అంటూ మరొకాయన ఫోన్ చేసి, రేపో ఎల్లుండో వచ్చి స్టేట్‌మెంటు రాసుకుంటానన్నాడు. తమ్ముడి లైసెన్సు గడువు తీరిపోయింది, బైకుకు బీమా కూడా లేదు. అందుకని మాకు ఏమీ రాదని ఆ పెద్దమనుషులు భయపెట్టారు. ఇప్పుడు మేము ఏం చేయాలి?

తాటిబెల్లం
కిందిసగం ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం అడిగేవాడు పెద్దమనిషి ఎలా అవుతాడండీ?

గుణుపురం_పాసింజర్
నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. 60,000 కాకపోతే లక్ష అడగండి, ఇస్తే తీసుకుని ముగించేయండి. మా మేనమామ కేసు ఏళ్ల తరబడి నడిచింది. ప్రతి వాయిదాకు పని మానుకుని వెళ్లడం, వకీలు రాలేదనో జడ్జిగారు సెలవనో తిరిగి రావడం. చివరికి డబ్బు వచ్చేనాటికి మేనమామకు దాని మీద ఆశే చచ్చిపోయింది.

రాయగడ_గుమాస్తా
కోర్టు కాగితాల మధ్య ఉద్యోగం చేసి విరమించినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మొదట భయం తీసేస్తాను. మీ తమ్ముడు అడిగేది కారు బీమా నుంచి, తన బైకు బీమా నుంచి కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే ప్రతి వాహనానికీ మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా ఉండి తీరాలి. ఆ మూడో వ్యక్తి మీ తమ్ముడే. గడువు తీరిన లైసెన్సుతో నడిపినందుకు పోలీసులు జరిమానా వేయవచ్చు గానీ, అంతమాత్రాన ప్రమాదానికి అతనే కారకుడు అయిపోడని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. బైకు మీద ముగ్గురు కూర్చున్న కేసులో కూడా, ఆ మూడో మనిషి వల్లనే ప్రమాదం జరిగిందని రుజువైతే తప్ప పరిహారం కోయకూడదని 2020లో చెప్పింది. వెనక నుంచి గుద్దిన కేసు మీకు బలమైనదే.

కేసు ఎక్కడ వేయాలన్నది మీ ఇష్టం. అదే చట్టం 166వ సెక్షను ప్రకారం ప్రమాదం జరిగిన చోటు, బాధితుడు నివసించే లేదా వ్యాపారం చేసే చోటు, ఎదుటిపక్షం నివసించే చోటు, ఈ మూడింటిలో ఏ ట్రిబ్యునల్‌కైనా, అంటే ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టుకైనా, వెళ్లవచ్చు. అంటే మీ గజపతి జిల్లా కోర్టులోనూ వేయవచ్చు, శ్రీకాకుళం జిల్లా వైపూ వేయవచ్చు. సరిహద్దు దాటితే కేసు చెల్లదని ఎవరైనా చెబితే నమ్మకండి.

గడువు మాత్రం గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన 6 నెలల లోపు దరఖాస్తు వేయాలనే నిబంధన అమలులోకి వచ్చింది. దాన్ని సవాలు చేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అది ఎలా తేలినా, మీరు 6 నెలలే ఉన్నాయనుకుని నడుచుకోండి.

గుణుపురం_పాసింజర్
గుమాస్తా గారూ, చట్టం మీరు చెప్పినట్టే ఉండవచ్చు. దుకాణం మూతపడి ఇంట్లో కూర్చున్నవాడికి నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. ఆ సంగతి ఏ సెక్షనులో ఉంది?

బరంపురం_ఆర్థో_వార్డు
నేను ఎముకల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. విశాఖ ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ప్రమాదం ఎలా జరిగిందని రాశారు?

రోగిని తీసుకొచ్చినవాళ్లు పోలీసు గొడవ ఎందుకనో, బీమా కార్డు పని చేయదేమోననో, "బండి జారి పడ్డాడు" అని చెప్పేస్తారు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు అదే రాస్తాడు. తర్వాత ఆ ఒక్క ముక్కను పట్టుకునే బీమా వకీలు, కారు గుద్దనే లేదని, ఈ కారును తర్వాత తెచ్చి ఇరికించారని వాదిస్తాడు. క్యాజువాలిటీలో మొదట రాసిన కాగితానికి, పోలీసు కేసయ్యే గాయాలను రాసే మెడికో లీగల్ రిజిస్టరులో ఎక్కిన వివరానికి ఉన్న విలువ, ఆరు నెలల తర్వాత మనం ఎంత ఏడ్చి చెప్పినా రాదు.

మహేంద్రతనయ_ఒడ్డు
ఇప్పుడే తీసి చూశాను. పాతపట్నం ఆసుపత్రి రిఫరల్ చీటీలో రోడ్డు ప్రమాదం, కారు ఢీకొట్టింది అని స్పష్టంగా ఉంది. విశాఖ డిశ్చార్జి కాగితంలో మాత్రం బైకు జారి పడినట్టు రాసి ఉంది. తీసుకెళ్లినది తమ్ముడి స్నేహితుడు. దాన్ని పెన్నుతో కొట్టి సరిచేసి ఇస్తామని అక్కడి ఒక ఉద్యోగి ఫోనులో అంటున్నాడు.

బరంపురం_ఆర్థో_వార్డు
కొట్టివేతలు వద్దు. కొట్టివేసిన కాగితం అసలు తప్పు కంటే ఎక్కువ అనుమానం తెస్తుంది. మొదటి ఆసుపత్రి చీటీ, ఎఫ్‌ఐఆర్ నకలు జతచేసి, వివరం తప్పుగా నమోదైందని, దాన్ని చెప్పినది రోగి కాదని, రోగి అప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో కూడా రాసి, మెడికల్ రికార్డుల విభాగానికి దరఖాస్తు ఇవ్వండి. మీ దగ్గర ఉండే ప్రతి మీద వాళ్ల ముద్ర, తేదీ వేయించుకోండి. పూర్తి కేసు షీటు ధ్రువీకరించిన నకలు కూడా అడగండి. డిశ్చార్జి కాగితం ఒక్కటే సరిపోదు. పాతపట్నంలో గాయాల సర్టిఫికెటు పోలీసులకు వెళ్లిందో లేదో కనుక్కోండి. ప్రమాదం జరిగాక మొదట రాసింది అక్కడే కాబట్టి ఆ చీటీ మీకు బంగారం.

రాయగడ_గుమాస్తా
నర్సమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనా కారణం సరిగా చెప్పగలిగితే దాని వల్లనే కేసు కొట్టేయకూడదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆసుపత్రి కాగితంలో ప్రమాదం సంగతే వేరుగా ఉంటే సర్దిచెప్పడం చాలా కష్టం.

జయపురం_ఘాటీ
సాలూరు ఘాటీలో ట్రావెల్స్ కారు నడుపుతాను. మావైపు పెళ్లివాళ్లు, కూలీలు పికప్ వ్యానులో సామానుతో పాటు ఎక్కి వెళ్తారు. అది బోల్తా పడితే వెనక కూర్చున్నవాళ్లకు ఆ బండి బీమా వర్తించదు. సామాను తీసుకెళ్లే బండిలో ఊరికే ఎక్కినవాడు ప్రయాణికుడి లెక్కలోకి రాడు. మా పక్క ఊరిలో కాళ్లు చేతులు విరిగినవాళ్లు ఇళ్ల దగ్గర పడి ఉన్నారు. అలాగే సొంత కారులో స్నేహితులను ఎక్కించుకునేవాళ్లు తమ పాలసీ పేరు చదువుకోవాలి. కేవలం చట్టం కోసం తీసుకున్న చవక పాలసీ అయితే లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ రాదు, ప్యాకేజీ పాలసీ అయితేనే వస్తుంది. ఈ ప్రశ్నకు నేరుగా సంబంధం లేదని తెలుసు, అయినా వినే చెవి ఉన్నప్పుడే చెప్పాలి.

తాటిబెల్లం
నిన్ననే మా వీధివాళ్లు తిరుగుపెళ్లికి వ్యాను మాట్లాడుకున్నారు. ఈ పోస్టు వాళ్ల గ్రూపులో పెట్టాను. వరుడి బాబాయి నన్ను గ్రూపు నుంచి తీసేశాడు.

సిరొంచ_రేవు
మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే తెలంగాణ. మా అన్నయ్యను గుద్దిన కారు ఆగకుండా వెళ్లిపోయింది, నంబరు ఎవరూ చూడలేదు. అలాంటి వాటికి వేరే దారి ఉంది. కేంద్రం 2022లో తెచ్చిన పథకం కింద గుద్ది పారిపోయిన కేసుల్లో తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇస్తారు. ప్రమాదం జరిగిన ప్రాంతపు సబ్‌డివిజను అధికారి లేదా తహసీల్దారు విచారణ చేస్తారు, కలెక్టరు మంజూరు చేస్తారు. మావైపు పంచనామా మరాఠీలో ఉంటుంది, ఆసుపత్రి కాగితాలు వరంగల్‌వి ఇంగ్లీషులో ఉన్నాయి. రెంటిలోనూ అన్నయ్య ఇంటిపేరు వేరువేరుగా రాశారు. ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ ఇవ్వవలసి వచ్చింది. మీరు కూడా అన్ని కాగితాల్లో పేరు, వయసు, ఊరు ఆధార్‌తో పోల్చి చూసుకోండి. ఒడియా నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు వచ్చేటప్పుడు పేర్లు చిత్రంగా మారిపోతాయి.

మహేంద్రతనయ_ఒడ్డు
నిజమే, ఎఫ్‌ఐఆర్‌లో తమ్ముడి వయసు 43 అని పడింది. 34 తిరగబడింది.

రాయగడ_గుమాస్తా
అది చిన్న విషయం కాదు. వయసును బట్టే గుణకం, అంటే ఏడాది నష్టాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకె, ఉంటుంది. 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు గుణకం 16, 41 నుంచి 45 ఏళ్ల వాళ్లకు 14. పాసింజర్ గారి ప్రశ్నకు కూడా జవాబు అవుతుంది కాబట్టి ఒక ఊహ లెక్క వేసి చూపిస్తాను.

నెలకు 15,000 సంపాదన అనుకుందాం. ఏడాదికి 1,80,000. సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ నమ్మితే ఏడాదికి 36,000 నష్టం. దాన్ని 16తో గుణిస్తే 5,76,000. సొంత పని చేసుకునే, 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో తేల్చారు. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో చెప్పారు. అలా కలిపితే 8,06,400 అవుతుంది. వైద్యం ఖర్చు, పని మానిన నెలల సంపాదన, మనిషిని పెట్టుకున్న ఖర్చు, ప్రయాణాలు, బలమైన ఆహారం, పడిన బాధ, రేపు రాడ్డు తీయడానికి అయ్యే ఖర్చు వేరే. దరఖాస్తు వేసిన నాటి నుంచి వడ్డీ కూడా అడగవచ్చు.

ఇంత వస్తుందని మాట ఇవ్వడం లేదు. వైకల్యం 8 శాతమే అనుకుంటే లెక్క అంతకంతా తగ్గుతుంది. అయినా 60,000 పక్కన పెట్టి చూడండి.

గుణుపురం_పాసింజర్
లెక్క చూశాక నా మాట కొంత సడలించుకుంటాను. కానీ ఆలస్యం మాట వెనక్కి తీసుకోను. తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షను ఒకటి ఉందని విన్నాను. అది ఎందుకు ఎవరూ చెప్పడం లేదు?

రాయగడ_గుమాస్తా
ఉంది. 164వ సెక్షను. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కాకపోతే ఆ సొమ్ము తీసుకున్నారంటే 166 కింద వేసిన దరఖాస్తు రద్దయిపోతుంది. సాక్షి లేని కేసులో, తప్పు ఎవరిదో చెప్పలేని కేసులో అది మేలు. ఇక్కడ కారు వెనక నుంచి గుద్దింది, ఎఫ్‌ఐఆర్ ఉంది, మనిషి కాలితో పని చేసే వృత్తిలో ఉన్నాడు. నేనైతే తొందరపడను. కుటుంబం అప్పుల్లో కూరుకుపోతుంటే మాత్రం పాసింజర్ గారి మాటకూ విలువ ఉంది, దాన్ని కొట్టిపారేయను.

బల్లార్షా_బావ
దర్జీ అన్నారు కదా, ఒక ముచ్చట చెబుతాను. నా బావమరిది కేసులో ఎదుటి వకీలు, "ఈ రోజుల్లో మిషన్లన్నిటికీ మోటార్లే కదా, ఇక కాలితో పనేమిటి?" అని అడిగాడు. మోటారు మిషనుకు కూడా కింద పెడల్ ఉంటుంది. దాన్ని పాదంతో ఎంత నొక్కితే సూది అంత వేగంగా నడుస్తుంది. కాజా దగ్గర, కాలరు మలుపు దగ్గర పాదాన్ని వెంట్రుకవాసి సడలించగలిగితేనే కుట్టు తిన్నగా వస్తుంది. చీలమండ బిగుసుకుపోయినవాడికి అది సాధ్యం కాదు. మా వకీలు జడ్జిగారి ముందు ఆ పెడల్ బొమ్మ గీసి చూపించాడు. మీ తమ్ముడి వాంగ్మూలంలో ఈ సంగతి రాయించండి.

రాయగడ_గుమాస్తా
బావ గారు చెప్పిన దానికి ఆధారం కూడా ఉంది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్, 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు. డాక్టరు రాసిన శాతం వేరు, సంపాదన శక్తిలో కలిగిన నష్టం వేరు అని అందులో చెప్పారు. ఎడమ చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోతుంది, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు అని ఉదాహరణ ఇచ్చారు. ఒక కాలికి 40 శాతం అని రాస్తే మొత్తం శరీరానికి 40 శాతం అని కాదు. ఈ తేడా తెలియక సర్టిఫికెటులో పెద్ద అంకె చూసి సంబరపడేవాళ్లు చాలామంది.

బరంపురం_ఆర్థో_వార్డు
వైకల్య సర్టిఫికెటు కోసం ఇప్పుడే పరుగెత్తవద్దు. ఎముక అతికి, ఫిజియోథెరపీ అయ్యాక ఎంత కదలిక మిగిలిందో తేలుతుంది. అప్పుడు మీ జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డు దగ్గరే తీసుకోండి. సర్టిఫికెటు ఇచ్చిన డాక్టరు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది, విశాఖ నుంచి రప్పించడం కంటే పర్లాకిమిడిలో ఉన్నవారిని రప్పించడం తేలిక. మధ్యలో రివ్యూకు వెళ్లడం మానకండి. నాలుగు నెలలు డాక్టరు ముఖం చూడకపోతే కాలు బాగైపోయిందనే అనుకుంటారు. మరో చిన్న మాట. మందుల దుకాణం బిల్లులు కొన్ని వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం మీద వస్తాయి. కొన్నాళ్లకు అక్షరాలు మాయమై తెల్ల కాగితం మిగులుతుంది. ఈ వారమే జిరాక్సు తీసి, అసలు కాగితంతో కలిపి పిన్ను చేయండి.

తాటిబెల్లం
వాట్సాప్ స్టేటసుల గురించి కూడా చెప్పండి. మా బంధువు ఒకాయన నడుం కేసు నడుస్తుండగా వనభోజనాల్లో కబడ్డీ ఆడిన ఫొటో పెట్టాడు. వకీలు తల పట్టుకున్నాడు. అది ప్రమాదానికి ముందు సంవత్సరం ఫొటో అని నమ్మించడానికి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

జయపురం_ఘాటీ
బైకును బాగు చేయించారా? చేయించకపోతే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు చూసేదాకా ముట్టుకోకండి. వెనక మడ్‌గార్డు, నంబరు ప్లేటు నొక్కుకుపోయిన ఫొటోలే వెనక నుంచి గుద్దినట్టు సాక్ష్యం. కారు నంబరు కొట్టి ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో చూస్తే ప్రమాదం రోజున దానికి బీమా అమలులో ఉందో లేదో తెలుస్తుంది. ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

మహేంద్రతనయ_ఒడ్డు
చూశాను, కారు బీమా అమలులోనే ఉంది. బైకు ఇంకా స్టేషను ఆవరణలోనే ఉంది, రేపు వెళ్లి అన్ని వైపుల నుంచి ఫొటోలు తీస్తాను. బీమా మనిషి వస్తే ఏం చేయాలి? ఒక వకీలు అయితే ఖర్చులేమీ వద్దు, వచ్చిన దానిలో 30 శాతం ఇస్తే చాలు అంటున్నాడు. అది నయమేనా?

రాయగడ_గుమాస్తా
గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఆసుపత్రి వరండాలోనే వకాలత్ మీద సంతకం పెట్టించుకునేవాళ్ల దగ్గరకు అసలు పోకండి. ఫీజు ఎంతో ముందుగా మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. పరిహారం సొమ్ము తమ్ముడి సొంత బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఇంకెవరి ఖాతా నంబరూ ఇవ్వకండి.

బీమా మనిషి వస్తే గుర్తింపు కార్డు చూడండి, మర్యాదగానే మాట్లాడండి. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నదే చెప్పండి, అంచనాలు చెప్పకండి. "కారు ఎంత వేగంతో వచ్చింది" అంటే వెనక నుంచి వచ్చింది, చూడలేదు అనడమే నిజం. అతను ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టకండి. కావలసినవి రాతపూర్వకంగా అడగమనండి, రాతపూర్వకంగానే జవాబు ఇవ్వండి. కంపెనీయే పద్ధతి ప్రకారం రాజీ సొమ్ము ప్రతిపాదిస్తే అది వేరు. అది ట్రిబ్యునల్ ముందుకు రావాలి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి అంకె నచ్చితేనే తల ఊపండి.

ఇక కేసు ఎక్కడ వేయాలన్నది. పర్లాకిమిడిలో వేస్తే కుంటుకుంటూ దూరం వెళ్లే బాధ తప్పుతుంది, కానీ తెలుగు ఎఫ్‌ఐఆర్‌ను, ఛార్జిషీటును అనువాదం చేయించి దాఖలు చేయాలి, ఆంధ్రా పోలీసు సాక్షిని పిలిపించాలి. శ్రీకాకుళం వైపు వేస్తే కాగితాల తంటా తక్కువ, ప్రయాణాల తంటా ఎక్కువ. దర్జీగా ఎంత సంపాదించేవాడో చెప్పే సాక్షులందరూ మీ వీధిలోనే ఉన్నారు కాబట్టి నా మొగ్గు పర్లాకిమిడి వైపే. పోలీసులు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు సవివర నివేదిక పంపాలని 2022 నియమాల్లో ఉంది, దాన్నే దరఖాస్తుగా స్వీకరించే వీలూ ఉంది. దాని మీద ఆశ పెట్టుకుని మీ దరఖాస్తు ఆపకండి. ఎఫ్‌ఐఆర్‌లో వయసు తప్పు గురించి దర్యాప్తు అధికారికి ఆధార్ నకలుతో అర్జీ ఇచ్చేయండి.

మహేంద్రతనయ_ఒడ్డు
సంతకం పెట్టబోమని కారు యజమానికి చెప్పేశాను, పెద్దమనుషులు కాఫీ కూడా తాగకుండా వెళ్లారు. ఒక్క సందేహం మిగిలింది. దుకాణం మూసేస్తే ఖాతాదారులు వేరేచోటికి పోతారని, తమ్ముడు కాలు స్టూలు మీద పెట్టుకుని కౌంటరు దగ్గర కూర్చుని కొలతలు రాసుకుంటున్నాడు. కుట్టడానికి వేరే మనిషిని పెట్టాం. ఇది తెలిస్తే సంపాదన పోలేదు కదా అంటారా? దుకాణం మూసేయమంటారా?

గుణుపురం_పాసింజర్
మూయకండి. మా మేనమామకు ఎవరో అదే సలహా ఇచ్చి బేరం పోగొట్టారు.

రాయగడ_గుమాస్తా
మూయనక్కర్లేదు, దాచనూ వద్దు. ఉన్నది ఉన్నట్టు దరఖాస్తులోనే రాయించండి. ముందు తాను కుట్టేవాడు, ఇప్పుడు కూలి ఇచ్చి కుట్టిస్తున్నాడు, ఆ కూలే అతని నష్టం. కాకపోతే ఆ కూలి చేతికి ఇవ్వకండి. వారం వారం తమ్ముడి ఖాతా నుంచి ఆ కుట్టే మనిషి ఖాతాకు ఫోన్‌పేలో వేయండి, ప్రమాదానికి ముందు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి దాఖలు చేయవచ్చు. దుకాణం లైసెన్సు, కరెంటు బిల్లు, పాత ఆర్డరు పుస్తకాలు కూడా తీసి ఉంచండి. ఆర్డరు పుస్తకంలో ప్రమాదం ముందు నెలలో తమ్ముడి చేతిరాతలో ఎన్ని జాకెట్లు, ఎన్ని ప్యాంట్లు ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి, వకీలుకు ఇవ్వవలసిన ఆదాయం అంకె దాని నుంచే తీద్దాం.